నాలుగేళ్ళ నీడ

"ఎదిగిన ఆడపిల్ల గుండెల మీద కుంపటి" అనేవారు మన అమ్మమ్మలు. ఎదగడమంటే ఎన్నేళ్ళనుకున్నారు? ఏ పదకొండో, పన్నెండో! ఆ కుంపటి దింపుకున్న తండ్రి "హమ్మయ్య" అని వూపిరి పీల్చుకునేవాడు. దిగిన కుంపటి మరో ఇంట్లో ఎలా వుందో, రాజుకుందో, ఆరి బూడిదయిందో, ఆ సంగతి సామెతలో లేదు.

అయినా ఈ సామెత తల్లీ తండ్రీ, నెత్తిన ఒక కప్పూ వున్న పిల్ల గురించి పుట్టింది సుమండీ! తల్లి కరువులో పోయి, తండ్రి వెట్టిలో నలిగి, తనను మోసే గుండె ఒక్కటీ లేని పిల్ల సంగతేమిటి? ఆ పిల్లను గురించి సామెతలు కూడా పుట్టలేదు.

అలాంటి పిల్లలకు కొంతకాలం నీడనిచ్చిన కొన్ని ఇళ్ళ కథ ఇవాళ చెబుతాను. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల కథ. 2016 అక్టోబరులో ఇవి వేరువేరు జిల్లాలయ్యాయిగాని, అంతకుముందు అన్నీ కలిపి పాలమూరే, అంటే మహబూబ్‌నగర్ జిల్లా. గద్వాల అనగానే మనకు చీర మెదులుతుంది. వనపర్తి అంటే సంస్థానం, రాజుగారి కోట. నాగర్‌కర్నూలు అంటే నల్లమల అడవి దాపు. చీరా, కోటా, అడవీ అందరికీ తెలిసినవే. మిషను కాంపౌండు గోడల వెనక బతికిన ఆడపిల్లలను మాత్రం చరిత్ర రాసేవాళ్ళు తరచు మరిచిపోతారు.

ముందు ఆ రోజులెలాంటివో చూద్దాం. అది నిజాం నవాబు ఏలుబడి. గద్వాల, వనపర్తి ఆయన కింద వుండే సంస్థానాలు. 1911 జనాభా లెక్కల ప్రకారం హైదరాబాదు రాజ్యంలో వెయ్యిమంది ఆడవాళ్ళను వరుసగా నిలబెడితే, చదవను రాయను వచ్చినవాళ్ళు పదిమంది కూడా తేలరు. ఆ కొద్దిమందిలోనూ పట్నంవాసుల వాటానే ఎక్కువ. ఇక పాలమూరు పల్లెలో మాల మాదిగ వాడల పిల్ల మాట అడగనే అక్కర్లేదు. వూరి బడి అరుగు ఆమె అన్నదమ్ములకే అందని అరుగు.

అలాంటి పిల్లకు పన్నెండేళ్ళొస్తే ముందు మూడు దారులుండేవి. మొదటిది పెళ్ళి. సాధారణంగా పిల్ల కన్న బాగా పెద్దవాడితో. రెండోది దొరల గడి. కూతురు అత్తారింటికి పోతుంటే చీరలూ సొమ్ములతోపాటు ఒక దాసీ పిల్లను కూడా పంపేవారు తెలంగాణ దొరలు. ఆమెను 'ఆడబాప' అనేవారు. ఆమె అక్కడే పనిచేసి, అక్కడే బతికి, అక్కడే పోవాలి. పెళ్ళి లేదు, పిల్లలు పుడితే వాళ్ళకు తండ్రి పేరు లేదు. మూడోది దేవత. ఇంటికి జబ్బు చేసిందనో, మగపిల్లాడు లేడనో పిల్లను ఎల్లమ్మకు విడిచేవారు. తెలంగాణలో జోగిని అన్నారు, రాయచూరు, బళ్ళారి వైపు బసివి అన్నారు. పేర్లు వేరైనా దేవుడి పేర వదిలిన పిల్ల మీద చివరికి వూళ్ళోని మగవాళ్ళదే పెత్తనం.

"అదేమిటండీ, శారదా చట్టం వచ్చిందిగా?" అంటారేమో. వచ్చింది, 1929లో. ఆడపిల్లకు పద్నాలుగేళ్ళు నిండందే పెళ్ళి చేయకూడదన్నది. కాని అది బ్రిటిషు ఇండియాకు చేసిన చట్టం. కృష్ణకూ తుంగభద్రకూ ఇవతల, నిజాం రాజ్యంలో, దానికి చెల్లుబాటు లేదు. కర్నూలులో నేరమైన పెళ్ళి, నది దాటి అలంపురం వస్తే ముహూర్తమయ్యేదన్నమాట!

ఈ పరిస్థితుల్లోకి వచ్చినవాళ్ళు మెన్నొనైట్లు. పేరు వింతగా వుంది కదూ! వాళ్ళ కథ కూడా వింతదే. జర్మను భాష మాట్లాడే క్రైస్తవులు. ఎవరిమీదా ఆయుధం ఎత్తకూడదన్నది వాళ్ళ మతంలో గట్టి నియమం. ఆ నియమం నిలుపుకోవడానికి దేశాలు మారుతూ రష్యా సామ్రాజ్యంలో, ఇప్పటి ఉక్రెయిన్ ప్రాంతంలో, స్థిరపడ్డారు. అక్కడే 1860లో వాళ్ళలో 'మెన్నొనైట్ బ్రదరన్' అనే శాఖ ఏర్పడింది. సైన్యంలో చేరాలని ఒత్తిడి రాగానే 1874 నుంచి చాలామంది మూటా ముల్లే కట్టుకుని అమెరికాలోని కాన్సస్ వంటి చోట్లకు వలసపోయారు. వలస అంటే ఏమిటో తెలిసిన జనం, వలసలకు పేరుపడ్డ పాలమూరుకు వచ్చారు.

మొదట రష్యా నుంచి ఏబ్రహాం ఫ్రీజన్ అనే ఆయన భార్య మరియాతో 1889లో బయలుదేరి వచ్చి, అమెరికన్ బాప్టిస్టుల అండతో నల్గొండలో పని మొదలుపెట్టాడు. అమెరికాలో వున్న వాళ్ళ శాఖ 1899లో హీబర్ట్ దంపతులనూ, ఎలిజబెత్ న్యూఫెల్డ్ అనే పెళ్ళికాని యువతినీ హైదరాబాదుకు పంపింది. 1904లో వచ్చిన డేనియల్ బెర్గ్‌తోల్డ్ నాగర్‌కర్నూలులో మిషను స్థాపించి దాదాపు నలభయ్యేళ్ళు అక్కడే పాతుకుపోయాడు. తర్వాత వనపర్తిలోనూ మిషను వెలిసింది. బాప్టిస్టుల చేతిలో వున్న పాలమూరు, గద్వాల క్షేత్రాలు 1937లో వీరి చేతికి వచ్చాయి. ఇప్పటికీ ఆ ప్రాంతాల్లో 'ఎం.బి. చర్చి' అంటే ఈ మెన్నొనైట్ బ్రదరన్ సంఘమే.

మిషను కాంపౌండు అంటే ఒక చిన్న వూరే. దొరగారి బంగళా, గుడి, బడి, మందుల గది, బావి. ఒక పక్కన మగపిల్లల బోర్డింగు, ఇంకో పక్కన ఆడపిల్లల బోర్డింగు. దాన్ని ఎవరూ 'రక్షణ గృహం' అనలేదు. 'బోర్డింగు' అన్నారు, తర్వాత 'హాస్టలు' అన్నారు. నవలలో అయితే అర్ధరాత్రి తలుపు తట్టిన అబలనో, ఏడుస్తూ పరిగెత్తుకొచ్చిన జోగినినో ప్రవేశపెట్టి ఒక ఘట్టం రక్తి కట్టించవచ్చు. చరిత్ర అంత నాటకీయంగా వుండదు. అప్పటికే సంఘంలో చేరిన కుటుంబాల పిల్లలు, తల్లో తండ్రో లేని పిల్లలు, కరువొస్తే తిండికి లేక అప్పజెప్పిన పిల్లలు బోర్డింగులకు చేరేవారు. పొద్దున్నే లేచి వూడ్చుకోవడం, నీళ్ళు తోడుకోవడం, విసురుకోవడం, వండుకోవడం, మధ్యలో అక్షరాలూ ఎక్కాలూ, కుట్టుపనీ, బైబిలు కథలూ, సాయంత్రం పాటలూ. చెప్పుకోవడానికి ఇంతే!

ఇంతేనా? నాలుగు వేళ్ళు మడిచి లెక్కపెట్టండి. పన్నెండేళ్ళకు లోపలికి పోయిన పిల్ల పదహారుకు బయటికి వచ్చిందనుకుందాం. ఆ నాలుగేళ్ళూ ఆమెకు పెళ్ళి చేసేవాళ్ళు లేరు, గడికి తోలేవాళ్ళు లేరు, దేవతకు విడిచేవాళ్ళు లేరు. చట్టం ఇవ్వలేని నాలుగేళ్ళను ఒక మట్టిగోడ ఇచ్చింది. మనబోటి వాళ్ళకు పన్నెండు నుంచి పదహారు అంటే జడగంటలూ, పరికిణీ వోణీలూ, స్నేహితురాళ్ళ కబుర్లూ. ఆ పిల్లకు మాత్రం ఆ నాలుగేళ్ళమీదే జీవితమంతా ఆధారపడింది. కానుపులో చావకుండా బతకడానికి ఆ నాలుగేళ్ళే, అక్షరం రావడానికీ ఆ నాలుగేళ్ళే.

బయటికి వచ్చేటప్పుడు చేతిలో ఒక పని కూడా వుండేది. కొందరు టీచర్లయ్యారు, కొందరు నర్సులయ్యారు, కొందరు 'బైబిలు స్త్రీలు' అయ్యారు. ఈ చివరి మాట ఇప్పటి పిల్లలకు తెలియదు. పల్లెపల్లెకూ నడిచి, ఆడవాళ్ళ మధ్య కూర్చుని, కథ చెప్పి, ప్రార్థన చేసి, వీలైతే నాలుగు అక్షరాలు నేర్పే ఉద్యోగం అది. జీతం కొంచెమే. కాని ఒక వాడ పిల్ల చేత పుస్తకం పట్టుకుని, కూలి కోసం కాకుండా మాట చెప్పడం కోసం వూరికి వెళ్ళడమనేది ఆ ప్రాంతం అంతకుముందు చూసి ఎరగదు. నాగర్‌కర్నూలులో 1920లో బైబిలు పాఠశాల కూడా మొదలైంది.

అక్కడ ఇంకొక పాఠం కూడా వుంది. ఎవరూ పలకమీద రాసి చెప్పని పాఠం. దాని పేరు కేథరిన్ షెలెన్‌బర్గ్. 1870లో రష్యాలో పుట్టి, చిన్నతనంలోనే అమెరికా చేరి, వైద్యం చదివి, 1907లో ఒంటరిగా మన దేశానికి వచ్చింది. హైదరాబాదు మలక్‌పేట దగ్గరా, నాగర్‌కర్నూలులోనూ పనిచేసి, ఆ తర్వాత శంషాబాదులో స్థిరపడింది. 1945 జనవరి 1న, ఇంకా పనిలో వుండగానే కన్నుమూసింది. ముప్ఫయ్యేడేళ్ళకు పైగా ఈ గడ్డమీద సేవ చేసిందన్నమాట. ఘోషా ఆడవాళ్ళ దగ్గరికి మగ డాక్టరు పోలేని రోజుల్లో ఆమె పోయింది. ఇది అందరూ చెప్పే మాటే. బోర్డింగు పిల్లల కళ్ళతో చూడండి. పెళ్ళి చేసుకోని ఆడది! ఎవరి భార్యా కాదు, ఎవరి దాసీ కాదు, ఏ దేవతకూ విడిచిన మనిషి కాదు. అయినా పదిమంది లేచి నిలబడి దండం పెడుతున్నారు! మొదటి మూడు దారులూ కాక నాలుగోది కూడా వుంటుందని తెలియడానికి అంతకన్న పెద్ద పాఠం ఏముంటుంది?

అయితే ఇదంతా ఉచితంగా దొరికిందా? వూరికే పొగడ్తలు రాయడానికి కూర్చోలేదు నేను. ఆ నీడకు వెల వుంది. లోపల చేరిన పిల్ల దేవుడు మారేవాడు, చాలాసార్లు పేరు కూడా మారేది. వూళ్ళో బతుకమ్మ ఆడుతుంటే ఆమె గోడ ఇవతల వుండేది. అమ్మ మొక్కిన ఎల్లమ్మ మూఢనమ్మకమైంది, నాయన కొట్టిన డప్పు పాపమైంది. తన వాళ్ళను తానే చిన్నచూపు చూడటం నేర్చుకున్న పిల్లకు, సెలవుల్లో గుడిసెకు వెళ్ళినప్పుడు ఏమనిపించి వుంటుంది? ఆ సంగతి ఏ మిషను రిపోర్టులోనూ దొరకదు. రిపోర్టులు రాసినవాళ్ళు పిల్లలు కారు కదా!

గద్వాల చీర కట్టేవాళ్ళకు ఒక సంగతి తెలుసు. ఒంటికి నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. రెండిటినీ కుట్టరు, మగ్గం మీదే నూలు పోగులో పట్టు పోగు పెనవేసి నేస్తారు. దాన్నే కుప్పడం నేత అంటారు. ఆ కలుపు గట్టిగా వుంటేనే చీర నిలుస్తుంది. చాలా బోర్డింగుల్లో కుదరనిది ఆ కలుపే. పుట్టిన వాడా, పెరిగిన కాంపౌండూ రెండూ మంచి గుడ్డలే. మధ్య పోగు పెనవేయడం ఎవరికీ తోచలేదు.

ఈ పేచీ పాలమూరుకే పరిమితం కాదు. పండిత రమాబాయి పేరు మీరు వినే వుంటారు. సంస్కృతం క్షుణ్ణంగా చదివి, వితంతువై, తర్వాత క్రైస్తవం పుచ్చుకున్న మహారాష్ట్ర విదుషి. 1889లో బొంబాయిలో బాలవితంతువుల కోసం శారదా సదనం తెరిచింది. మరుసటి ఏడు దాన్ని పుణేకు మార్చింది. రానడే వంటి పెద్దలు సలహా సంఘంలో వున్నారు. 1893లో అక్కడి అమ్మాయిలు కొందరు క్రైస్తవం వైపు మొగ్గుతున్నారని గొడవ లేచింది. పెద్దలు రాజీనామాలిచ్చారు, సంరక్షకులు పిల్లలను తీసుకుపోయారు. ఎక్కడికి? మళ్ళీ ఆ చీకటి గదుల్లోకే! రమాబాయి వెనక్కి తగ్గలేదు. 1896-97 కరువులో వందలమంది ఆడపిల్లలను కాపాడి పుణే దగ్గర కేడ్‌గావ్‌లో 'ముక్తి' ఆశ్రమం నిలబెట్టింది. చివరి రోజుల్లో గుల్బర్గాలో కూడా బడి పెట్టించింది. గుల్బర్గా కూడా అప్పుడు నిజాం రాజ్యమే, పాలమూరుకు పొరుగే.

ఆ గొడవలో ఎవరిది తప్పు అని అడిగితే నా సమాధానం ఒక్కటే. నీడ ఇచ్చేవాళ్ళు మతం అడిగారని కోప్పడే హక్కు, మతం అడగకుండా నీడ ఇచ్చినవాళ్ళకే వుంటుంది. మనవాళ్ళలో అలాంటివారు లేకపోలేదు. 1881లో రాజమండ్రిలో తొలి వితంతు వివాహం చేసిన వీరేశలింగంగారు ఇల్లులేని వితంతువులకు ఇల్లు చూపారు. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణ, లక్ష్మీబాయమ్మ దంపతులు 1922లో శారదా నికేతనం పెట్టారు. కళావంతుల ఇంట పుట్టిన యామినీ పూర్ణతిలకంగారు 1920 దశకంలో మద్రాసులో హిందూ యువతీ శరణాలయం నడిపారు. హైదరాబాదులో భాగ్యరెడ్డి వర్మగారు జోగిని ఆచారం మీదా, బాల్య వివాహాల మీదా ధ్వజమెత్తి బడులు తెరిచారు. 1930లో జోగిపేట ఆంధ్ర మహాసభతో పాటే మహిళా సభ కూడా జరిగింది. కాని ఈ దీపాలన్నీ పట్నాల్లో వెలిగినవి. గద్వాల దగ్గరి పల్లెలో పన్నెండేళ్ళ మాదిగ పిల్లకు ఆ వెలుగు ఆనలేదు. ఆమెకు నడిచి చేరగలిగినంత దూరంలో వున్నది ఆ మట్టిగోడ ఒక్కటే.

దొరసానుల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. ఎవరో కన్న పిల్లలను ఒళ్ళో పెట్టుకున్న ఆ తల్లులు, తాము కన్న పిల్లలను చిన్న వయసులోనే కొండలమీది బడులకు పంపేవారు. కొడైకెనాల్‌లో 1901లో మిషనరీల పిల్లల కోసమే ఒక బడి మొదలైంది. నెలల తరబడి తల్లీ బిడ్డా ఉత్తరాలతోనే బతికేవారు. ఇక్కడి పిల్ల అమ్మ కోసం ఏడిస్తే ఓదార్చే ఆవిడ, లోపలి గదిలో తన పిల్ల ఉత్తరం చదువుకుని కళ్ళు తుడుచుకునేది కాబోలు. బోర్డింగు గోడకు రెండు వైపులా తడే!

కాలం మారింది. 1950 దశకం చివరి నుంచీ సంఘం పెత్తనం క్రమంగా మనవాళ్ళ చేతికి వచ్చింది, విదేశీయులు వెళ్ళిపోయారు. చట్టాలు కూడా నది దాటి వచ్చాయి. 1978లో ఆడపిల్ల పెళ్ళి వయసు పద్దెనిమిదయింది. 1988లో జోగినిగా విడవడాన్ని నేరం చేస్తూ రాష్ట్ర చట్టం వచ్చింది. 2006లో బాల్య వివాహ నిషేధ చట్టం వచ్చింది. ఇళ్ళూ వచ్చాయి. శాంతా సిన్హాగారి ఎం.వి. ఫౌండేషన్ పనిలో వున్న పిల్లలను బడికి మళ్ళించడానికి శిబిరాలు నడిపి దేశానికి దారి చూపింది. 2004లో కేంద్ర ప్రభుత్వం వెనకబడిన మండలాల్లో ఆడపిల్లల కోసం కస్తూర్బా గాంధీ విద్యాలయాలు మొదలుపెట్టింది. వాటిలో తిండి, బట్ట, చదువు అన్నీ ప్రభుత్వానివే. దేవుడెవరని అడగరు, పేరు మార్చరు. మిషను బోర్డింగు ఇచ్చిన నాలుగేళ్ళను వెల లేకుండా ఇచ్చే ఏర్పాటు ఇది. రావడానికే వందేళ్ళు పట్టింది.

అయితే అవసరం తీరిందా? 2011 లెక్కల్లో ఇప్పటి జోగులాంబ గద్వాల జిల్లా అక్షరాస్యత 50 శాతానికి అందలేదు. అక్కడ పత్తి విత్తనం సాగు ఎక్కువ. పువ్వుకు పువ్వు చేత్తో పుప్పొడి అద్దాలి. ఆ 'క్రాసింగు' పనికి చిన్న చేతులూ తక్కువ కూలీ అని ఆడపిల్లలను పెట్టుకునే అలవాటు ఏళ్ళ తరబడి సాగింది. వాన తప్పితే తల్లిదండ్రులు మేస్త్రీ వెంట దూర దేశాలకు పోతారు. వెనక మిగిలిన పిల్లను ముసలి అమ్మమ్మ దగ్గర వదలడం కన్న పెళ్ళి చేసిపోవడం మేలనుకుంటారు. కుంపటి సామెత ఇంకా చల్లారలేదు.

అందుకే ఆడపిల్లలకు నీడనిచ్చే ఇల్లు ఏదైనా కానివ్వండి, చర్చిదైనా, మఠానిదైనా, సర్కారుదైనా, దాన్ని నేను మూడు ప్రశ్నలు అడుగుతాను. లోపలి పిల్ల తన వాళ్ళను చూడాలంటే తలుపు తెరుస్తారా? తన దేవుణ్ణీ, తన పేరునూ తన దగ్గరే వుంచుకోనిస్తారా? బయటికి వచ్చే రోజున ఆమె చేతిలో ఏముంటుంది? ఇవి ఇప్పుడు నా ఒక్కదాని ప్రశ్నలే కావు. 2015 బాలల న్యాయ చట్టం ప్రకారం ఇలాంటి ఏ ఇల్లయినా రిజిస్టరు కావాలి, జిల్లా బాలల సంక్షేమ సమితికి జవాబు చెప్పాలి. గోడ కట్టినవాళ్ళు మంచివాళ్ళయితే చాలదు, గోడలోకి తొంగిచూసే కిటికీ కూడా వుండాలి. పక్కింట్లోనో, పనిమనిషి ఇంట్లోనో చిన్న పిల్లకు పెళ్ళి మాటలు జరుగుతున్నాయని తెలిస్తే మనం చేయగలిగింది కూడా వుంది. 1098 నంబరుకు ఫోను చేస్తే చాలు, డబ్బు పడదు.

దసరా సెలవులయ్యాక హాస్టలు టీచరు హాజరు పట్టీ తెరిచి పేర్లు పిలుస్తుంది. ఒక్కో పేరుకూ "ప్రెజెంట్ మేడం" అని గొంతు పలుకుతుంది. ఎక్కడో ఒక పేరు దగ్గర పలకదు. ఆ మౌనాన్ని లెక్కలో గీత గీసి వదిలేయక, బస్సెక్కి ఆ పిల్ల వూరికి వెళ్ళి తలుపు తట్టే టీచరమ్మలు పాలమూరులో వున్నారు. మళ్ళీ ఇంకో నాలుగేళ్ళు సంపాదించి పెట్టేది వాళ్ళే.